ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించడమా?

మార్చిలో నాన్న పోయాక అమ్మ వంట మానేసింది. మానేశానని తను ఒప్పుకోదు. “వండుకుంటున్నా కదరా” అంటుంది. ఏం కూర చేశావని అడిగితే “ఏదో ఒకటిలే” అంటుంది. ఆ ఏదో ఒకటి ఏంటో సెప్టెంబరులో పిన్ని చెప్పింది. పొద్దున్నే కుక్కర్లో గ్లాసు బియ్యం పెట్టడం, మధ్యాహ్నం ఆవకాయ, రాత్రి పెరుగు. అంతే. ఆరు నెలల్లో ఏడు కిలోలు తగ్గింది. రక్తం తక్కువగా ఉందని డాక్టర్ మాత్రలు రాశాడు. “ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించి, కూర తరిగి, పోపు పెట్టి... ఎవరు తినాలే?” అందట పిన్నితో.

నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచాను. సగం తిన్న పిజ్జా ఉన్న డబ్బా, సాస్ ప్యాకెట్లు, ఎండిపోయిన నిమ్మచెక్క. మిలాన్‌లో ఉద్యోగానికి వచ్చి మూడేళ్లు దాటింది. ఒక్కడి కోసం పొయ్యి వెలిగించనివాణ్ణి నేనూ ఉన్నాను. ఇంకెవర్ని తిడతాం?

అమ్మకి వీసా పెట్టాను. ఇక్కడి టూరిస్ట్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులు ఉండొచ్చు. అక్టోబరు రెండో వారంలో తణుకు నుంచి వచ్చింది, సంక్రాంతికి ముందే వెళ్లిపోవాలి. ఈ కాలమ్‌లో మామూలుగా ఆఫీస్ గోల, యాప్‌ల గోల రాస్తుంటాను. ఈ వారం మాత్రం ఆ తొంభై రోజుల వంట. ఇందులో చెఫ్‌ల విద్య ఏమీ లేదు. ఒక గిన్నె, ఒక కత్తి, ఆ వారం సంతలో చవగ్గా దొరికింది ఏదైతే అది.

చవక అన్నది ముఖ్యం. మొదటి రోజే అమ్మని ఇండియన్ షాపుకి తీసుకెళ్లాను. బెండకాయలు, దొండకాయలు అన్నీ ఉన్నాయి, కాకపోతే విమానం ఎక్కి వచ్చినవి. ధరని రూపాయల్లోకి మార్చి చెప్పగానే చేతిలో ఉన్న కవర్ మెల్లగా కింద పెట్టేసింది. “వీళ్లేం తింటారో అదే తిందాం పద” అంది. నాకు కావలసిందీ అదే.

శనివారం మా వీధి చివర సంత జరుగుతుంది. అక్టోబరులో అక్కడ రాజ్యమంతా గుమ్మడికాయదే. మన తియ్యగుమ్మడే, కాకపోతే ఇంకాస్త గట్టిగా, పైన ముదురాకుపచ్చగా, కోస్తే లోపల నారింజ రంగులో ఉంటుంది. కాయంతా కొననక్కర్లేదు, ముక్క కోసి తూచి ఇస్తారు. అమ్మ దాన్ని గోటితో గిచ్చి చూసింది. గుమ్మడికాయ ఏరడం మా ఇంట్లో నాన్న పని. గిచ్చిన చోటే కాసేపు చూస్తూ నిలబడింది. నేను డబ్బులిచ్చేసి, సంచి పట్టుకుని ముందు నడిచాను.

ఆ రాత్రి రిసొట్టో చేద్దామనుకున్నా. ఇటలీ అంటే మనకి పాస్తా, పిజ్జాలే గానీ, ఉత్తర ఇటలీ వరి పండే నేల. మిలాన్ నుంచి తూరినో వైపు రైల్లో వెళ్తుంటే నొవారా, వెర్చెల్లీ ఊళ్ల చుట్టూ వరి మళ్లే. యూరప్‌లో అన్ని దేశాలకంటే ఎక్కువ వరి పండించేది ఇటలీయే. ఒకప్పుడు ఆ మళ్లలో నీళ్లలో నిలబడి నాట్లేసి కలుపు తీసిన ఆడకూలీలని ‘మొందీనె’ అనేవాళ్లు. తర్వాత ఓ ఆదివారం అటువైపు రైల్లో వెళ్తే అమ్మ కిటికీలోంచి చూసి “ఇక్కడ కోతలైపోయాయి” అంది. ఆ దేశంలో తనకి అర్థమైన మొదటి విషయం అదే అనుకుంటా.

రిసొట్టోకి కార్నరోలీ, ఆర్బోరియో లాంటి లావు బియ్యం వాడతారు. గింజ చుట్టూ ఉండే గంజి పదార్థమే ఈ వంటకి ప్రాణం, అందుకని బియ్యం కడగరు. ఇది రాసి పెట్టుకోండి, ఎందుకంటే నేను అమ్మకి చెప్పడం మర్చిపోయాను. ఆఫీస్ కాల్ ముగించుకుని వంటగదిలోకొచ్చేసరికి బియ్యం మూడుసార్లు కడిగి, నీళ్లు వంచేసి, జల్లెడలో పెట్టి ఉంది. “ఇంత పిండి వస్తోందేంట్రా, పాత బియ్యం కొన్నావా?” అంది.

సరే, ఉన్నదాంతోనే చేశా. ఇద్దరికి 160 గ్రాముల బియ్యం, 300 గ్రాముల గుమ్మడి. సగం ఉల్లిపాయని సన్నగా తరిగి వెన్నలో రంగు మారకుండా మగ్గించాలి. గుమ్మడిముక్కలు వేసి మెత్తబడ్డాక బియ్యం వేసి రెండు నిమిషాలు వేయించాలి. ఇక్కడ అందరూ కాస్త వైట్ వైన్ పోస్తారు. మా ఇంట్లో ఆ పులుపుకి నిమ్మరసం, అదీ చివర్లో. పక్క స్టవ్ మీద కూరగాయలు ఉడికించిన నీళ్లు మరుగుతూ ఉండాలి. వాటిని గరిటెడు గరిటెడు పోస్తూ, ఇంకిపోతే మళ్లీ పోస్తూ 17, 18 నిమిషాలు. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది. దించాక చల్లటి వెన్నముక్క, చీజ్ వేసి గట్టిగా కలిపితే పళ్లెంలో జారుతూ అలలాగా పరుచుకోవాలి.

కడిగిన బియ్యం కదా, మాది అలలాగా పరుచుకోలేదు. పొడిపొడిగా కూర్చుంది. అమ్మ రెండు స్పూన్లు తిని “అన్నం పలుకుందిరా” అంది. ఇటలీవాళ్లు ‘అల్ దెంతె’ అని గొప్పగా చెప్పుకునే దానికి ఇంతకంటే మంచి తెలుగు మాట లేదు. పంటికి తగిలే పలుకు. వాళ్లకి అది కావాలి, మనకి అక్కర్లేదు. పళ్లెం పక్కన పెట్టి పెరుగన్నం కలుపుకుంది.

(సోనా మసూరితో చేయొచ్చా అని అడుగుతారని తెలుసు. చేయొచ్చు, కానీ అది రిసొట్టో కాదు, గుమ్మడికాయ పొంగలి. ఏమీ తప్పు లేదు.)

ఆ రాత్రే ఇంకో చిక్కు వచ్చింది. చీజ్ సంగతి. మాది శాకాహారపు ఇల్లు. పార్మిజానో రెజ్జానో చీజ్‌కి పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తో. అది లేకుండా చేస్తే ఆ పేరు పెట్టుకోవడానికి రూల్స్ ఒప్పుకోవు. గ్రానా పదానో అంతే, పెకొరీనో రొమానోకైతే గొర్రెపిల్ల రెనెట్. చెప్పకపోతే అమ్మకి తెలిసేది కాదు. నిద్ర పట్టక లేచి వెళ్లి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “రెండు స్పూన్లే తిన్నానులే” అంది. మన దగ్గర కొనేవాళ్లు ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసుకుంటే చాలు.

కాబట్టి చీజ్ లేకుండా ఇటాలియన్ వంట. ఎలా అనుకున్నాను గానీ, దక్షిణ ఇటలీలో చీజ్ కొనే స్తోమత లేనివాళ్లు ఎప్పుడో దారి కనిపెట్టారు. ఎండిన బ్రెడ్‌ని రవ్వలా చేసి ఆలివ్ నూనెలో వేయించి పాస్తా మీద చల్లుకుంటారు. బ్రెడ్ గట్టిపడాలి, మెత్తటిదైతే ముద్దవుతుంది. మిక్సీలో రెండుసార్లు తిప్పితే చాలు, పొడి మరీ మెత్తగా అవకూడదు. బాణలిలో రెండు స్పూన్ల నూనె, చితక్కొట్టిన వెల్లుల్లి, ఎండుమిర్చి ముక్క, అందులో ఈ రవ్వ. సన్నటి సెగ మీద నాలుగైదు నిమిషాలు కలుపుతూనే ఉండాలి. గోధుమరంగు వచ్చాక వెంటనే వేరే గిన్నెలోకి తీసేయండి, బాణలిలో వదిలితే మాడుతుంది. చల్లారాక సీసాలో పోసుకుంటే వారం ఉంటుంది.

అమ్మ మొదటిసారి పళ్లెం ఖాళీ చేసింది శనగలతో. ‘పాస్తా ఎ చేచి’ అంటారు, పాస్తా-శనగలు అని అర్థం. కాబూలీ శనగలు గుప్పెడూ గుప్పెడూ కలిపి 150 గ్రాములు రాత్రి నానబెట్టా. పొద్దున్న మన కుక్కర్లో ఒక రోజ్‌మేరీ రెమ్మ వేసి మెత్తగా ఉడికించా. అందులో మూడో వంతు గరిటెతో మెదిపేయాలి, చారుకి చిక్కదనం దాని నుంచే వస్తుంది. చెంచాడు టమాటా పేస్టు, ఉడికించిన నీళ్లు పారబోయకుండా అన్నీ, ఆ నీళ్లలోనే వంద గ్రాముల చిన్న పాస్తా. విడిగా ఉడికించొద్దు. పాస్తా గంజి కూడా చారులోకే రావాలి.

చివర్లో ఆలివ్ నూనె వేడిచేసి వెల్లుల్లి, ఎండుమిర్చి, రోజ్‌మేరీ వేసి పైన పోస్తాం. అది చూసి అమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది. “ఇది పోపే కదా!” అంది. కార్తీక మాసం వచ్చింది కాబట్టి సోమవారాలు ఉల్లి, వెల్లుల్లి లేవు. వెల్లుల్లికి బదులు ఇంగువ వేసింది, నన్నడక్కుండానే. రోజ్‌మేరీ, ఇంగువ కలిస్తే బాగుంటుందా అని నన్నడిగితే, మొదటి ముద్దకి వింతగా, మూడో ముద్దకి అలవాటైనట్టుగా ఉంటుంది. పైన బ్రెడ్ రవ్వ చల్లుకుని తిన్నాం.

నవంబరు వచ్చేసరికి పొగమంచు. మధ్యాహ్నం దాటగానే లైట్లు వేసుకోవాలి. వీధుల్లో చెస్ట్‌నట్‌లు కాల్చి కాగితం పొట్లాల్లో అమ్ముతారు. వేడివేడిగా ఒలుచుకుని నోట్లో వేసుకుని అమ్మ “తేగల్లా ఉన్నాయిరా” అంది. నిజమే. అదే పిండి రుచి, అదే మట్టివాసన, కాస్త తీపి. మూడేళ్లుగా తింటున్నా, నాకెందుకు తట్టలేదో. ఇంట్లో కాల్చేవాళ్లు ఒక్కోదానికి కత్తితో గాటు పెట్టడం మర్చిపోవద్దు. మా అవెన్‌లో రెండు పేలాయి.

చలిలో ఇక్కడివాళ్ల అసలు తిండి పొలెంతా. మొక్కజొన్న రవ్వ ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు, ఉప్పు, నలభై నిమిషాలు గరిటె తిప్పుడు. పుట్టగొడుగుల కూరతో తింటారు. “సంకటే కదా” అని అమ్మ తేల్చేసింది.

దీని వెనక ఒక కథ ఉంది, తింటూ చెప్పాను. మొక్కజొన్న అమెరికా ఖండం నుంచి వచ్చింది. అక్కడివాళ్లు దాన్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి తినేవాళ్లు. యూరప్‌వాళ్లు గింజ తెచ్చుకున్నారు, ఆ పద్ధతి తెచ్చుకోలేదు. మా భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ చదవకుండా కోడ్ కాపీ చేసుకున్నారు. మొక్కజొన్నలో ఉన్న నయాసిన్ అనే విటమిన్ సున్నం తగలకపోతే ఒంటికి సరిగా పట్టదు. ఉత్తర ఇటలీలో పేద రైతులు చలికాలమంతా పూటపూటా పొలెంతా ఒక్కటే తిని జబ్బుపడ్డారు. చర్మం పగిలేది, విరేచనాలు, ముదిరితే మతి చెడేది. 1771లో మిలాన్ డాక్టర్ ఫ్రాన్‌చెస్కో ఫ్రపొల్లి ఆ జబ్బు గురించి రాస్తూ ‘పెల్లాగ్రా’ అన్నాడు. గరుకు చర్మం అని దానర్థం. మన దక్కన్‌లో జొన్నన్నమే ప్రధానంగా తినే పేదల్లోనూ ఇదే జబ్బు కనిపించింది. హైదరాబాద్‌లో సి. గోపాలన్, ఆయన సహచరుడు దాన్ని పరిశోధించి 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు.

“అంటే ఒకటే తింటే జబ్బు చేస్తుందంటావు” అంది అమ్మ.

“నేననలేదు, లాన్సెట్ అంది.”

“ఆవకాయ గురించి పిన్ని చెప్పిందా నీకు?”

చెప్పిందన్నాను. ఇంకేం మాట్లాడలేదు. కానీ పుట్టగొడుగుల కూర మళ్లీ వేసుకుంది.

డిసెంబరులో సంతలో ఒక నల్లటి ఆకుకూర వస్తుంది. కావొలో నేరో. మన దగ్గర ఇప్పుడు దొరుకుతున్న కేల్‌కి దగ్గర చుట్టం. ముట్టుకుంటే గరుగ్గా ఉంటుంది. మంచు పడ్డాక కొనమంటారు, ఎందుకంటే చలికి గడ్డకట్టకుండా మొక్క తనలో పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది, ఆకు తియ్యబడుతుంది. ఈ ఆకుతో తొస్కానావాళ్లు చేసే ‘రిబొల్లీతా’ కోసమే నేను ఈ వ్యాసం మొదలుపెట్టాను నిజానికి. ఆ మాటకి అర్థం ‘మళ్లీ ఉడికించింది’ అని. మొదటి రోజు కూరగాయల చారు, రెండో రోజు బ్రెడ్‌తో కలిసి అసలు వంట. అంటే మిగలడానికే వండే వంట.

పెద్ద గిన్నె పెట్టుకోండి. ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ సన్నగా తరిగి నాలుగు స్పూన్ల ఆలివ్ నూనెలో పావుగంట తక్కువ సెగ మీద మగ్గనివ్వాలి. ఈ పావుగంటే మొత్తం రుచి, తొందరపడితే చారు చప్పగా ఉంటుంది. తర్వాత ఒక బంగాళాదుంప, పావు క్యాబేజీ, ఒక కట్ట కేల్. కేల్ దొరక్కపోతే ముల్లంగి ఆకులు వేయండి, నేను ప్రయత్నించాను, కొంచెం ఘాటుగా ఉన్నా బాగుంటాయి. టమాటా డబ్బాలోది అర కప్పు. చలికాలంలో పచ్చి టమాటా ఇక్కడ ఉత్త నీళ్లు, కొనకండి అని కూరగాయలమ్మే ఆవిడే చెప్పింది. ముందే ఉడికించిన తెల్ల రాజ్మా రెండు కప్పులు, అందులో సగం మెదిపి, ఆ నీళ్లతో సహా పోసేయాలి. గంటసేపు చిన్న మంట. మొదటి రాత్రి అలాగే చారులా తాగండి. తర్వాత మిగిలిన చారులో ఎండిన బ్రెడ్ ముక్కలు పొరలు పొరలుగా వేసి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు మళ్లీ ఉడికిస్తే బ్రెడ్ కరిగి చిక్కగా, స్పూన్ నిలబడేలా అవుతుంది. పైన పచ్చి ఆలివ్ నూనె, మిరియాలు. తొస్కానా బ్రెడ్‌లో ఉప్పు వేయరు. మీరు మామూలు బ్రెడ్ వాడితే చారులో ఉప్పు తగ్గించండి.

మర్నాడు ఉడికిస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. మా ఇంట్లో నిలవ కూర తినే అలవాటు లేదు. “రాత్రిది పొద్దున్న తినడమేంట్రా, పారేసి మళ్లీ చేసుకోవాలి గానీ” అంది. ఇక్కడ నేను గొంతు పెంచాను, దాచను. “అందుకే నువ్వు వండట్లేదమ్మా. పూటపూటా వండాలంటే ఒక్కదానివి వండవు. నేనూ వండట్లేదు. ముక్కల పులుసు మర్నాడు బాగుంటుందని నువ్వే అనేదానివి. పులిహోర మర్నాడు తినలేదా మనం? నాన్న దాచుకుని మరీ తినేవాడు.”

నాన్న పేరు ఎత్తాక ఇద్దరం ఆగిపోయాం. నేను లాప్‌టాప్ ముందుకి వెళ్లి కూర్చున్నా. అరగంటకి వంటగదిలోంచి వెల్లుల్లి వాసన. వెళ్లి చూస్తే గిన్నె స్టవ్ మీద ఉంది. అడుగంటకుండా తిప్పుతోంది. “ఉప్పు సరిపోయిందో లేదో చూడు” అంది.

ఆ గిన్నె మాకు మూడు రోజులొచ్చింది. మూడో రోజు బాణలిలో కాస్త నూనె వేసి దాన్ని దిబ్బరొట్టెలా ఎర్రగా కాల్చింది. ఇక్కడివాళ్లూ అలా చేస్తారని తర్వాత తెలిసింది. ఆ ముందు నాకు తెలియదు, తనకీ తెలియదు.

తర్వాత వారం నుంచి ఆఫీస్‌కి డబ్బా కట్టడం మొదలుపెట్టింది. నా లెక్కల ఎక్సెల్ షీట్ అక్కడితో ఆపేశాను. క్రిస్మస్ దాటాక సిసిలీ నుంచి ఎర్ర నారింజలొచ్చాయి. ఎత్నా అగ్నిపర్వతం చుట్టుపక్కల పగలు ఎండ, రాత్రి చలి, ఆ తేడాకే లోపల ఎరుపు పడుతుంది. వాటిని చక్రాల్లా కోసి, ఫెనెల్ గడ్డని పల్చగా తరిగి, ఉప్పు, ఆలివ్ నూనె వేస్తే సలాడ్. ఫెనెల్ అంటే మన సోంపు మొక్క కుటుంబమే, గడ్డ కోసం పెంచుతారు. అమ్మ పైన కారం చల్లింది. కారం చల్లితేనే బాగుంది.

జనవరి 9న విమానం ఎక్కించాను. సూట్‌కేసులో రోజ్‌మేరీ పొట్లం, పాస్తా ప్యాకెట్లు రెండు. బరువు మూడు కిలోలు పెరిగింది. సూట్‌కేసుది కాదు, అమ్మది.

వెళ్లాక ఏమవుతుందోనని భయం ఉండేది, ఇప్పటికీ ఉంది. రోజూ ఏం వండావని అడగడం మానేశాను, అడిగితే మళ్లీ “ఏదో ఒకటిలే” వస్తుందేమోనని. మొన్న ఆదివారం తనే వీడియో కాల్ చేసింది. వెనక కుక్కర్ కూస్తోంది.

“శనగలు నానబోశాను రాత్రి. ఎక్కువైపోయినట్టున్నాయి. రెండు మూడు పూటలొస్తాయంటావా?”

“వస్తాయమ్మా. రేపటికి ఇంకా బాగుంటుంది.”

“బ్రెడ్డు పొడి ముందే వేసేయాలా, తినేటప్పుడా?”

“తినేటప్పుడు. ముందే వేస్తే నానిపోతుంది.”

“ఉండు” అని ఫోన్ గట్టు మీద పెట్టేసింది. నాకు తిరిగే ఫ్యాను, గోడ మీద క్యాలెండరు మాత్రమే కనిపిస్తున్నాయి. కాసేపటికి ఆవాలు చిటపటలాడిన చప్పుడు. పాస్తా ఎ చేచిలో ఆవాలు వేయరు. నేనేమీ అనలేదు.